పెరటి శాలకూ పన్ను ఉన్నదా? బరంపురం తెలుగు గృహస్థులకు హోల్డింగ్ పన్ను వివరాలు

బరంపురం పాతబస్తీలో ఇల్లు వీధివైపు ఇరుకుగాను, లోపలికి పొడవుగాను ఉండుట పరిపాటి. అరుగు దాటి, ఒకదాని వెనుక ఒకటిగా ఉన్న గదులు దాటి, నూతిగట్టు దాటి వెళితే పెరడు వస్తుంది. ఆ పెరటి మూలలో పశువుల శాల ఉంటుంది. లేదా ఒకప్పుడు శాలగా ఉండి నేడు కట్టెలకో, పాతసామానుకో, స్కూటరుకో నెలవైన రేకుల కప్పు ఉంటుంది. తెలుగువారు దానిని శాల అనీ, పాక అనీ, సావిడి అనీ పిలుస్తారు. ఒడియా పొరుగువారు గుహాళ అంటారు. పేరు ఏదైనప్పటికీ ఆస్తిపన్ను లెక్కలో దానికి ఒక స్థానం ఉన్నది. ఆ స్థానమేమిటో తెలియనందువలన కొందరు కట్టనక్కరలేని పన్ను కడుతున్నారు. మరికొందరు కట్టవలసినది కట్టక, ఇల్లు అమ్మేనాడో, అన్నదమ్ములు పంచుకొనేనాడో బకాయిల చిట్టా చూసి తెల్లబోతున్నారు.

ఇచ్ఛాపురం, సోంపేట, మందస, పలాస ప్రాంతాల నుండి వ్యాపారం కొరకు, నేత కొరకు, పిల్లల చదువు కొరకు బరంపురం వచ్చి స్థిరపడిన కుటుంబాలకు ఈ విషయం మరింత అయోమయంగా ఉంటుంది. పల్లెలో పశువుల పాకను ఎవరూ ఆస్తిగా ఎంచరు. తాటాకు కప్పి, నాలుగు గుంజలు పాతితే అది పాక; గాలివానకు పడిపోతే మళ్లీ వేసుకుంటారు. పట్నంలో అదే పాక కొలతలతో సహా కాగితం మీదికి ఎక్కుతుంది. పైగా ఆ కాగితం ఒడియాలో వస్తుంది. 1954 నాటి అధికార భాషా చట్టం ప్రకారం ఒడిశాలో పాలనా భాష ఒడియా గనుక అది సహజమే. అయితే ఒడియా మాట్లాడగలిగి చదవలేని తెలుగువారు ఈ నగరంలో తక్కువేమీ కారు. నోటీసు బల్ల సొరుగులో పడి ఉండగానే అభ్యంతరం చెప్పుకొనే గడువు దాటిపోతుంది. నష్టమంతా అక్కడే మొదలవుతుంది.

ముందుగా ఒక తేడాను గుర్తించాలి. భూమికి సంబంధించి తహసీలు కార్యాలయం పరిధిలో చెల్లించే ఖజణా వేరు. ఇంటికి సంబంధించి నగరపాలక సంస్థకు చెల్లించే హోల్డింగ్ పన్ను వేరు. మొదటిది రెవెన్యూ శాఖది. రెండవది వీధిదీపం, కాలువ, చెత్తబండి నడిపే స్థానిక సంస్థది. ఒకదానికి రసీదు ఉన్నంత మాత్రాన రెండవది తీరినట్లు కాదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించి ఏళ్ల తరబడి ఖజణా రసీదులు మాత్రమే భద్రపరచుకొన్నవారు ఉంటారు.

మద్రాసు కాలపు మూలాలు

బరంపురంలో ఇంటిపన్ను నిన్న మొన్న పుట్టినది కాదు. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. బరంపురం పురపాలక సంఘం 1867లో ఏర్పడింది. దానికి ఆధారం అంతకు రెండేళ్ల ముందు మద్రాసు ప్రభుత్వం చేసిన పట్టణాభివృద్ధి చట్టం. తరువాత 1884లోను, 1920లోను మద్రాసు జిల్లా మున్సిపాలిటీల చట్టాలు వచ్చాయి. అనగా విజయనగరం, రాజమండ్రి, గుంటూరు పట్టణాలలో ఇంటిపన్ను ఏ సూత్రంపై నడిచిందో, బరంపురంలోను అదే సూత్రంపై నడిచింది. నేటి తెలుగు గృహస్థు ఈ నగరంలో పరాయి చట్టం కింద ఉన్నానని అనుకోనక్కరలేదు. వేరు ఒక్కటే.

ఆ 1920 చట్టంలో శాలల విషయమై ఒక ముఖ్యమైన సూత్రం ఉన్నది. కట్టడాన్ని దాని స్థలంతోను, దానికి అనుబంధంగా అనుభవంలో ఉన్న పక్క ఆవరణతోను కలిపి ఒకే ఆస్తిగా మదింపు చేయాలి. స్థలానికి యజమాని వేరొకరైనప్పుడు మాత్రమే విడదీయాలి. అంటే పెరటిలోని గొడ్లశాల, గుర్రపుశాల, వంటపాక, కట్టెల కొట్టు, నౌకరు గది విడివిడి ఆస్తులు కావు, ఇంటికి అంగాలు. వాటికి వేరుగా పన్ను వేయరు. అయితే అవి ఉన్నందువలన ఇంటి అద్దె విలువ ఎంత పెరుగుతుందో అంత మేరకు పన్ను పెరుగుతుంది. ఆ రోజుల్లో అద్దె విలువ అనగా, ఆ ఇంటిని అద్దెకిస్తే ఏడాదికి న్యాయంగా ఎంత రాగలదన్న అంచనా. ఇల్లు నిజంగా అద్దెకు ఇచ్చి ఉండాలన్న నియమం లేదు. కట్టడం భాగానికి వచ్చే అద్దెలో నూటికి పది వంతులు మరమ్మతుల నిమిత్తం తగ్గించి మిగిలినదానిపై పన్ను లెక్కించేవారు.

మరి గుర్రం మాట? అదే చట్టం ఆస్తిపన్నును ఒక పద్దుగాను, వృత్తిపన్నును మరొక పద్దుగాను, సవారీ బండ్లు, జంతువులపై పన్నును ఇంకొక పద్దుగాను, సామాను బండ్లపై పన్నును వేరొక పద్దుగాను పేర్కొన్నది. గుర్రపుబండి ఉంచుకొన్న వకీలు ఇంటిపన్నులో భాగంగా శాలకు, విడిగా గుర్రానికి, బండికి పన్ను చెల్లించవలసి వచ్చేది. నేడు ఇది విడ్డూరంగా తోచినా, కారుకు రోడ్డు పన్ను, కారు షెడ్డుకు ఇంటిపన్ను చెల్లిస్తున్న వారికి ఆశ్చర్యపడే హక్కు అంతగా లేదు.

స్వాతంత్ర్యానంతరం ఒరిస్సాలో దక్షిణ జిల్లాల మద్రాసు చట్టాన్ని, ఉత్తర జిల్లాల బీహారు–ఒరిస్సా చట్టాన్ని తొలగించి 1950 నాటి ఒరిస్సా మున్సిపల్ చట్టం వచ్చింది. హోల్డింగ్ అనే మాట ఉత్తర జిల్లాల సంప్రదాయం నుండి గంజాంకు వచ్చినదే. ఒకే హక్కు కింద ఉండి, ఒకే హద్దుల చుట్టుగోడలో ఇమిడిన భూమి ఒక హోల్డింగ్. హింజిలికాటు, ఛత్రపురం, గోపాలపురం వంటి చిన్న పట్టణాలు నేటికీ 1950 చట్టం కిందనే ఉన్నాయి. బరంపురం మాత్రం 2008 డిసెంబరులో నగరపాలక సంస్థ అయినందున 2003 నాటి ఒడిశా మున్సిపల్ కార్పొరేషన్ చట్టం పరిధిలోకి వెళ్లింది. బరంపురంలోను, హింజిలికాటులోను ఇళ్లున్నవారు ఒకచోటి నియమం రెండవచోట అన్వయిస్తుందని అనుకోరాదు.

శాల కట్టడమేనా?

భారత రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోని 49వ అంశం భూములు, కట్టడాలపై పన్నుకు సంబంధించినది. 58వ అంశం జంతువులు, పడవలపై పన్నుకు సంబంధించినది. రెండూ రెండు వేర్వేరు అధికారాలు. 265వ అధికరణం ప్రకారం చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ వసూలు చేయరాదు. కనుక శాల పేరిట వచ్చిన పన్ను శాలపైననే ఉండాలి. అందులో ఎన్ని గేదెలు ఉన్నాయన్న లెక్కపై ఉండరాదు. పన్ను కిటికీ వద్ద శ్రీకాకుళం పెద్దలు వేసే “ఏటి బాబూ, గొడ్డుకీ పన్నేనా?” అన్న ప్రశ్నకు సమాధానం ఇదే: హోల్డింగ్ పన్ను గొడ్డుకు కాదు, గొడ్డుపై ఉన్న కప్పుకు.

అయితే ఏ కప్పు కట్టడమవుతుంది? గోడలు, కప్పు, నేలలో నాటిన పునాది ఉన్నచోట సందేహం లేదు. మధ్యస్థంగా ఉన్నవాటి వద్దనే తగవు. గోడలూ కప్పూ లేని ఇటుకబట్టీ కట్టడం కాదని సుప్రీంకోర్టు 1966లో ఒక జమీందారీ రద్దు వివాదంలో తేల్చింది. ఏది కట్టడమన్నది పరిస్థితులను బట్టి నిర్ణయించవలసిన విషయమని చెప్పింది. మరొక వంక 2016 డిసెంబరులో, డాబాలపై నిలిపే మొబైల్ టవర్లు కూడా 49వ అంశం ఉద్దేశంలో కట్టడాలే అని అదే న్యాయస్థానం అహ్మదాబాదు నగరపాలక సంస్థ వ్యాజ్యంలో తీర్పు ఇచ్చింది. ఈ రెంటి మధ్య పెరటి పాకను ఉంచి చూడాలి. నాలుగు వెదురు గుంజలపై తాటాకు వేసి, వేసవి కాగానే విప్పివేసే పందిరి కట్టడం కాదని వాదించుటకు బలమైన ఆధారమున్నది. సిమెంటు నేల, ఇటుక పిట్టగోడ, ఇనుప కమ్మీలకు బిగించిన రేకులు ఉన్న శాల విషయంలో ఆ వాదన నిలవదు.

ఇల్లు ఒకచోట, శాల సందు అవతల వేరే స్థలంలో ఉన్నవారి సంగతి వేరు. ఆ స్థలం వేరొక దస్తావేజు కింద, వేరొక హద్దులలో ఉంటే అది మరొక హోల్డింగ్ అవుతుంది; దానికి వేరొక నంబరు, వేరొక నోటీసు వస్తాయి. ఇంగ్లండులోను ఇదే తర్కం కనిపిస్తుంది. అక్కడి 1988 నాటి స్థానిక ఆర్థిక చట్టం ప్రకారం ఇంటికి చేరి అనుభవంలో ఉన్న పెరడు, తోట, బయటి పాక వంటివి నివాసంలో భాగం. ఇంటి ఆవరణలో సొంత గుర్రానికి ఉన్న శాల నివాసపు పన్నులోనే ఇమిడిపోతుంది. దూరాన పొలంలో కట్టిన శాలకు ఆ రక్షణ సులభంగా దొరకదు. అది వ్యాపార ఆస్తుల పన్ను కిందికి పోవచ్చు. అదే చట్టం సొంత కారు కొట్టుకు ఇరవై ఐదు చదరపు మీటర్ల కొలత కూడా చెప్పింది. అంత స్పష్టమైన కొలత గంజాం గృహస్థునికీ ఉంటే ఎన్నో తగవులు తప్పేవి.

వాడుక మారినప్పుడు

పన్ను విషయంలో శాలకు అసలు ప్రమాదం దాని పరిమాణంలో లేదు, దాని వాడుకలో ఉన్నది. ఇల్లు నిలకడగా ఇల్లుగానే ఉంటుంది. శాల మాత్రం కాలాన్ని బట్టి రూపం మార్చుకుంటుంది. తాతల నాడు రెండు ఆవులు, తండ్రి నాడు కట్టెలు, కొడుకు నాడు మోటారు సైకిలు, మనుమని నాడు అద్దెకిచ్చిన గోదాము. గోడలు అవే, కప్పు అదే, పన్ను పద్దు మాత్రం మారుతుంది. ఈ మార్పును యజమాని గమనించడు. మదింపు చేయువారు ఎప్పుడో ఒకనాడు గమనిస్తారు.

లెక్క తెలియుటకు మాత్రమే ఒక ఊహా ఉదాహరణ తీసుకోవచ్చు. అసలైన రేట్లు డిమాండ్ నోటీసుపైననే ఉంటాయి గనుక వాటిని అక్కడే చూడాలి. శాల లేకుండా ఒక ఇంటికి నెలకు 6,000 రూపాయల అద్దె రాగలదని, శాలతో కలిపి 6,300 రాగలదని అనుకుందాము. శాలవలన పెరిగిన వార్షిక విలువ 3,600 రూపాయలు. పన్ను రేటు నూటికి పది అనుకుంటే, తగ్గింపులు పక్కన పెట్టి చూసినా, శాల భారం ఏడాదికి 360 రూపాయలు. ఇప్పుడు అదే శాలను ఒక దుకాణదారునికి సరుకు దాచుకొనుటకు నెలకు 2,500 రూపాయలకు ఇచ్చారనుకుందాము. వార్షిక విలువ 30,000. అదే రేటుపై పన్ను 3,000. వాణిజ్యపు వాడుకకు వేరే హెచ్చు రేటు ఉన్నచోట అది ఇంకా పెరుగుతుంది. ఏడాదికి తేడా 2,640 రూపాయలు; మూడేళ్లు ఎవరికీ చెప్పకుండా గడిపితే 7,920 రూపాయల బకాయి, దానిపై వడ్డీయో జరిమానాయో. నెలకు 2,500 ఆదాయం వచ్చిన వ్యక్తికి ఇది మోయలేని భారం కాదు. అయితే ఒక్కసారిగా, నోటీసు రూపంలో, ఇల్లు అమ్మకానికి బేరం కుదిరిన వారంలో వచ్చినప్పుడు అది పెద్ద చిక్కే అవుతుంది. నెలనెలా గోదాము అద్దె తీసుకొనే యజమాని అందులో పన్ను వాటా విడదీసి పెట్టుకొనుట మేలు.

బరంపురంలో ఈ ప్రశ్న ఎక్కువగా తగిలేది రెండు వృత్తులవారికి. మొదటివారు నేతపనివారు. బరంపురం పట్టుకు పేరు తెచ్చిన దేరా వీధులలో మగ్గం ఇంటిలోనే ఉంటుంది. గుంటమగ్గం పక్కనే పడక, పొయ్యి ఉంటాయి. కుటుంబసభ్యులు నేసే మగ్గం ఇంటి గదిలో ఉన్నంతవరకు ఆ ఇల్లు నివాసమే అని వాదించుట సులభం. పెరటి శాలను తొలగించి అక్కడ నాలుగు మగ్గాలు వేసి, కూలికి మనుషులను పెట్టినప్పుడు అది పనిశాల అవుతుంది. రెండవవారు అప్పడాలు, వడియాలు, ఊరగాయలు తయారుచేసే కుటుంబాలు. ఈ సరుకుకు బరంపురం ప్రసిద్ధి. వంటింటిలో నాలుగు కిలోల పిండి కలిపినంతవరకు ఎవరూ పట్టించుకోరు. పెరటిలో రేకుల షెడ్డు వేసి, వేరే విద్యుత్ మీటరు పెట్టి, గేటుపై బోర్డు కట్టిన నాడు వాడుక మారినదని చెప్పుటకు వేరే సాక్ష్యం అవసరం లేదు. ఆడవారు ఇంటి వద్ద నుండి చేసే చిన్న పనిని పెద్ద పరిశ్రమతో సమానంగా చూడుట అన్యాయం. అందువలననే మదింపు సమయంలో ఆ పని ఏ గదిలో, ఎంతమంది, ఏడాదిలో ఎన్ని నెలలు చేస్తారో స్పష్టంగా రాసి ఇవ్వాలి. అప్పడాల పని ఎండ కాసే నెలలలోనే ముమ్మరంగా సాగుతుందన్నది కూడా అభ్యంతర పత్రంలో చెప్పదగిన మాటే.

మూడవ తరగతి ఒకటి ఉన్నది: పాల కొరకు గేదెలు పెట్టుకొన్నవారు. ఇంటి పాలకు ఒక గేదె ఉండుట వేరు, ఇరుగుపొరుగుకు పాలు పోయుటకు ఎనిమిది ఉండుట వేరు. మద్రాసు కాలపు మున్సిపల్ చట్టాలు ఈ గీతను శతాబ్దానికి ముందే గీశాయి. లాభం కొరకు పశువులను ఉంచే శాల, దొడ్డి, ఆవరణ వంటివాటికి లైసెన్సు కావాలన్నాయి. ఇంటి అవసరానికి ఉన్న శాలకు ఆ నిబంధన లేదు. నేటికీ పరీక్ష అదే: ఎవరి కొరకు? పన్ను, లైసెన్సు రెండు వేర్వేరు బాధ్యతలు. హోల్డింగ్ పన్ను కట్టినందున లైసెన్సు అవసరం తీరదు. లైసెన్సు తీసుకొన్నందున పన్ను రద్దు కాదు. పేడను కాలువలోనికి వదలినచో వచ్చే జరిమానా ఈ రెంటికీ సంబంధం లేని మూడవ సంగతి.

అద్దె ఇంట ఉన్నవారు తరచు అడిగే ప్రశ్న: శాల వేసినది కిరాయిదారు, స్థలం యజమానిది; పన్ను ఎవరు కట్టాలి? హోల్డింగ్ పన్ను బాధ్యత సాధారణంగా యజమానిదే. అయితే కిరాయిదారు సొంత ఖర్చుతో వేసుకొన్న షెడ్డువలన పన్ను పెరిగితే, ఆ హెచ్చును ఎవరు భరించాలన్నది అద్దె ఒప్పందంలో రాసుకోవాలి. నోటిమాటగా వదిలినప్పుడు చివరకు అది అద్దె పెంపు రూపంలో తిరిగి కిరాయిదారు మీదనే పడుతుంది. గేదెల లైసెన్సు విషయంలో బాధ్యత శాలను నడిపేవానిది.

పద్ధతులు మారుతున్న కాలం

అద్దె విలువ పద్ధతిలో ఒక లోపమున్నది. రెండు ఒకే తీరు ఇళ్లకు ఇద్దరు అధికారులు రెండు విలువలు కట్టవచ్చు. అందుచేతనే దేశమంతటా నగరాలు దానినుండి కదులుతున్నాయి. కొన్నిచోట్ల చదరపు అడుగుకు ఇంత అని ప్రాంతాన్ని, కట్టడపు తరగతిని, వాడుకను బట్టి లెక్కిస్తున్నారు. ఆంధ్రప్రదేశ్ 2021 ఏప్రిల్ నుండి పట్టణాలలో అద్దె విలువను విడిచి, ఆస్తి మూలధన విలువపై పన్ను వేసే పద్ధతిని చేపట్టింది. ఇచ్ఛాపురంలో తల్లిదండ్రుల ఇల్లు, బరంపురంలో సొంత ఇల్లు ఉన్నవారికి రెండు నోటీసులు రెండు రకాల లెక్కలతో వచ్చుటకు కారణమిదే. ఒకదానిని చూపి రెండవది తప్పనుట కుదరదు.

ఈ మార్పుల వెనుక కేంద్ర ధనం కూడా ఉన్నది. పదిహేనవ ఆర్థిక సంఘం 2021 నుండి 2026 వరకు పట్టణ సంస్థలకు ఇచ్చే నిధులకు ఒక షరతు పెట్టింది: రాష్ట్రాలు ఆస్తిపన్నుకు కనీస రేట్లు ప్రకటించాలి, వసూళ్లు రాష్ట్ర ఆర్థికాభివృద్ధికి తగినట్లు పెరగాలి. ఆ షరతు నెరవేరనిచోట నిధులు ఆగిపోతాయి. కాబట్టి ఏళ్ల తరబడి ఎవరూ తొంగిచూడని పెరటి శాలల వైపు కొలత టేపులు రావడం యాదృచ్ఛికం కాదు. రేటు పెంచడం కంటే లెక్కలో లేని కట్టడాలను లెక్కలోకి తేవడం ఏ స్థానిక సంస్థకైనా సులభం.

చదరపు అడుగు పద్ధతిలో శాల యజమానికి ఒక మేలు, ఒక కీడు ఉన్నాయి. అధికారి ఇష్టానిష్టాలకు తావు తగ్గుతుంది, అది మేలు. కాని పాడుబడిన రేకుల కప్పును డాబా గదితో ఒకే తరగతిలో రాసినచో ప్రతి అడుగుకూ హెచ్చు పన్ను పడుతుంది. అందుచేత కొలతలంత ముఖ్యంగా తరగతిని కూడా చూసుకోవాలి: పక్కా కప్పా, రేకుల కప్పా, పెంకులా, తాటాకా. ఈ ఒక్క గడిలోని పొరపాటు సరిదిద్దితే చాలామందికి పన్ను తగ్గుతుంది.

అమెరికాలో స్థిరపడిన బంధువులు ఆస్తిపన్ను గురించి చెప్పే మాటలు విని బెదరనక్కరలేదు. టెక్సాస్ వంటి రాష్ట్రాలలో సాగుభూమికి ప్రత్యేకమైన తక్కువ విలువ కట్టినా, దానిపై ఉన్న కొట్టాలకు ఆ రాయితీ వర్తించదు. వాటికి విడిగా మార్కెట్ విలువ కడతారు. గంజాంలో శాల పన్ను ఇంటిపన్నులో చిన్న భాగమే.

నోటీసు చేతికి అందినప్పుడు

నోటీసును ముందుగా చదివించుకోవాలి. ఒడియా చదవగల పిల్లలు ఇంటిలో ఉంటే వారే చాలు. హోల్డింగ్ నంబరు, వార్డు, యజమాని పేరు, కొలతలు, వాడుక, కట్టడపు తరగతి, ఏ సంవత్సరానికి సంబంధించిన పన్ను, అభ్యంతరానికి చివరి తేదీ, ఇవి చూడాలి. పన్ను సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. తెలుగు పేర్లు ఒడియా లిపిలోను, ఆంగ్లంలోను రెండు తీరులుగా పడుట సర్వసాధారణం. ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట వెనుక ఉంటుంది. ఆధారు, దస్తావేజు, హోల్డింగ్ మూడింటిలోను పేరు ఒకే తీరుగా లేకపోతే నేడు కాకపోయినా వారసత్వ మార్పిడి నాడు ఇబ్బంది వస్తుంది.

తరువాత టేపు పట్టుకొని స్వయంగా కొలవాలి. శాల పొడవు, వెడల్పు గుణించి నోటీసులోని అంకెతో పోల్చాలి. అడుగులు, మీటర్లు తారుమారైన నోటీసులు లేకపోలేదు. చదరపు మీటరు దాదాపు పదకొండు చదరపు అడుగులకు సమానం గనుక ఆ పొరపాటు చిన్నది కాదు. తప్పు కనబడితే గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, నకలుపై కార్యాలయపు ముద్ర, తేదీ వేయించుకోవాలి. నోటిమాటగా చెప్పి వచ్చినది ఎక్కడా నమోదు కాదు. వసూలుకు వచ్చిన వ్యక్తి సరేనన్నాడని నమ్మి ఊరుకొన్నవారు మరుసటి ఏడాది అదే అంకెను వడ్డీతో చూస్తారు. శాల ఫొటోలు, ఉన్నచో విద్యుత్ బిల్లు జతపరచుట మంచిది. అభ్యంతరం తేలేలోగా, తగవు లేని భాగాన్ని చెల్లించి రసీదు తీసుకొన్నవారికి బకాయి బెడద తగ్గుతుంది.

పన్ను రసీదును గురించి ఒక భ్రమ విస్తారంగా ఉన్నది. ఖాళీ స్థలంలోనో, పొరుగువాని హద్దులోకి జరిపియో శాల వేసి, దానికి పన్ను కట్టించుకొంటే హక్కు వస్తుందని కొందరు తలుస్తారు. రాదు. పన్ను రసీదు, పేరు మార్పిడి నమోదు యాజమాన్యాన్ని సృష్టించవని న్యాయస్థానాలు పలుమార్లు చెప్పాయి. అవి అనుభవానికి సాక్ష్యం కాగలవు, అంతే. అనుమతి లేకుండా కట్టిన షెడ్డుకు పన్ను వసూలు చేసినంత మాత్రాన ఆ షెడ్డు సక్రమం కాదు. మరొకవైపు, రసీదు బొత్తిగా నిరుపయోగం అనుకొని పారవేయుట అంతకంటె పెద్ద తప్పు. పాతికేళ్ల రసీదుల కట్ట పంపకాల వేళ, పేరు మార్పిడి వేళ, అమ్మకం వేళ ఎంతో పని చేస్తుంది.

గంజాం తీరం తుపానుల దారి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం వద్ద తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపాన తీరాన్ని తాకింది. ఇటువంటి గాలికి ముందుగా ఎగిరేది పెరటి రేకులే. శాల పడిపోతుంది, పశువులను అమ్మివేస్తారు, స్థలం ఖాళీగా ఉంటుంది. కాని పన్ను పత్రంలో శాల యథాప్రకారం నిలిచే ఉంటుంది. మద్రాసు చట్టంలోనే ఈ విషయమై కఠినమైన నియమముండేది: కట్టడం కూలినదని యజమాని తెలియజేసే వరకు పన్ను బాధ్యత అతనిదే. కబురు అందనంతవరకు పాలక సంస్థకు ఆ శాల పడినట్లు తెలిసే మార్గం లేదు గనుక ఆ నియమంలో తర్కమున్నది. ఏళ్ల తరువాత ‘తుపానులో పోయింది’ అని చెబితే ఎవరూ నమ్మరు. పడిన వారంలోనే తేదీతో కూడిన ఫొటో తీసి, దరఖాస్తు ఇచ్చి, క్షేత్ర పరిశీలన కోరాలి. తుపాను నష్టపరిహారం కొరకు ఇచ్చిన దరఖాస్తు హోల్డింగ్ విభాగానికి తనంతట తాను చేరదు. అది వేరు కార్యాలయం, వేరు దస్త్రం.

సూరత్‌కో, హైదరాబాదుకో పనికి వెళ్లి ఇంటికి తాళం వేసినవారు కూడా ఈ సంగతి గుర్తించాలి. తాళం పడిన ఇంటికి పన్ను ఆగదు. పూర్వపు మద్రాసు చట్టం అర్ధ సంవత్సరంలో ముప్పది రోజులకు పైగా ఖాళీగా ఉన్న ఇంటికి, కట్టడపు పన్నులో సగానికి మించకుండా, ఖాళీ రోజుల లెక్కన మినహాయింపు ఇచ్చేది; అదికూడా యజమాని ముందుగా తెలియజేసినప్పుడే. అటువంటి రాయితీ ఏది అమలులో ఉన్నా అడిగినవారికే దక్కుతుంది. దూరాన ఉన్నవారు ఆన్‌లైన్లో చెల్లించినప్పటికీ, నోటీసు ఇంటి తలుపుకు అతికించి పోతారు గనుక పక్కింటివారికి ఒక మాట చెప్పి, ఫోను నంబరు వార్డు కార్యాలయంలో నమోదు చేయించుట అవసరం. పెరటి శాలకు పక్కింటివారు కట్టెలు పెట్టుకొనుటకు ఊరకనే ఇచ్చి వెళ్లినవారు ఆ మాటను కూడా ఒక కాగితంపై రాసి ఉంచుకోవాలి. లేనిచో తిరిగివచ్చేసరికి అది పత్రంలో అద్దె గోదాముగా కనిపించవచ్చు.